చెక్క బరువు ఆరు కిలోలు

బల్బు పేలిపోయింది, మంచిదే అయింది. ఫొటోగ్రాఫరు తెల్ల గొడుగు వెనక తలపెట్టి ఏదో కదిపి చూశాడు, చప్పరించాడు, కొత్తది తెచ్చేసరికి గంట పడుతుందని చెప్పి చెప్పులీడ్చుకుంటూ మెట్లు దిగిపోయాడు. మా కంపెనీ మేనేజరు పక్క గదిలో ఫోను చెవికి అంటించుకుని పచార్లు చేస్తున్నాడు. తలుపు సందులోంచి అతని మాటలు ముక్కలు ముక్కలుగా వినపడుతున్నాయి, సోమవారానికల్లా సరుకు మీ షాపుల్లో అరల మీద ఉంటుంది సార్, ప్యాకెట్ మీద బొమ్మ కూడా రెడీ సార్. ఆ బొమ్మను నేనే. తెల్ల పరదా ముందు ఎత్తు స్టూలు మీద కూర్చున్నాను, మొహానికి నాది కాని రంగు, ఒళ్లో నాది కాని ప్యాంటు. దాని నడుము విప్పి పట్టుకుంటే ఇద్దరు మనుషులు హాయిగా దూరిపోతారు. ఒక కాలిగొట్టంలోకి నేను దిగి, నడుము పట్టీని బారెడు ముందుకు లాగిపట్టుకుని నవ్వాలట. నా జన్మలో ఇలాంటి ప్యాంటు తొడగలేదు మొర్రో అంటే, "బొమ్మ కోసమే కదక్కా, ఎవరు అడుగుతారు" అన్నాడు మేనేజరు. చేతిలో పట్టుకోవడానికి అట్ట ఒకటి: అప్పుడు 95, ఇప్పుడు 86. చెప్పాల్సిన ముక్క కూడా కాగితం మీద రాసిచ్చాడు: మూడే మూడు నెలలు, రోజూ ఈ సోయా దిమ్మ తిన్నాను, తొమ్మిది కిలోలు తగ్గాను.

తొమ్మిది కాదు. ఒకటి. ఒక్క కిలో. ఆ సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు, నాకూ, నానబెట్టే సెక్షన్లో పనిచేసే అక్కకూ. మేనేజరుకి తెలియదు పాపం, అతను ఆ తొమ్మిదిని మనసారా నమ్ముతున్నాడు, నమ్మకపోతే అంత హుషారుగా ఆ ప్యాంటు కుట్టించి తెచ్చేవాడు కాదు. ఈ గంటలోపల నేను తేల్చుకోవాలి. ఫొటోగ్రాఫరు వచ్చాక ఆ ముక్క చెప్పడమా, మానడమా. గోడ గడియారంలో పదకొండు దాటుతోంది. వేడిగదిలో నిన్న పెట్టిన సరుకు సంచుల్ని పన్నెండున్నరకల్లా దూరం దూరంగా విడదీయకపోతే అది తన వేడికి తానే ఉడికి చస్తుంది, దాని గోల ఒకటి నాకు.

ఇక్కడ కూర్చున్నా నా చేతికి ఆ గది తెలుస్తూనే ఉంటుంది. పదకొండేళ్లుగా అదే పని. సోయా గింజలు రాత్రంతా నానతాయి, అక్క వాటిని పిసికి పొట్టు తీస్తుంది, ఉడుకుతాయి, నీళ్లు వారుస్తాం, ఆరబెడతాం, ఒక్క చుక్క తడి ఉన్నా చెడిపోతాయి, తర్వాత పసిబిడ్డకి నీళ్లు పోసేంత వెచ్చదనానికి దిగాక నేను తోడు వేస్తాను. పాలకి తోడు వేసినట్టే, కాకపోతే ఇది పొడి. చిల్లుల సంచుల్లో పరిచి వేడిగదిలో పెడితే పన్నెండు గంటల దాకా ఏమీ జరగదు, చల్లగా మొద్దులా పడి ఉంటాయి. ఆ తర్వాత మొదలవుతుంది. గింజకీ గింజకీ మధ్య తెల్లటి నూగు పుట్టి అన్నిటినీ పట్టి బిగించేస్తుంది, విడివిడి గింజలు ఒక దిమ్మ అయిపోతాయి, దానంతటది వేడెక్కుతుంది. పుట్టగొడుగుల వాసన వస్తే అయిందన్నమాట. ముక్కు మండించే వాసన వస్తే పోయిందన్నమాట. థర్మామీటరు ఉంది, గోడకి ఉంది, దాని మానాన అది ఉంటుంది. నేను చెయ్యి తిప్పి వెనకవైపు ఆనించి చూస్తాను, చెప్తాను. మంచి తిండి అది. పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చుకుని ఉప్పు చల్లుకుని తింటే మధ్యాహ్నం తిన్నది సాయంత్రం దాకా కడుపులో నిలబడుతుంది, అడ్డమైన చిరుతిళ్ల మీదికి మనసు పోదు, నేను తగ్గిన ఆ ఒక్క కిలో అలా తగ్గిందే, దానికి నేనేమీ కాదనను. కానీ దానికి ఈ వేషం ఎందుకు? ఈ ప్యాంటు ఎందుకు?

అసలు ఈ తొంభై అయిదు ఎక్కడ పుట్టిందో చెప్తే నవ్వుతారు. కంపెనీలో ఏడుగురిని ఎంచారు, రోజూ ఒక పూట దిమ్మ ముక్క తినండి, మూడు నెలల తర్వాత చూద్దాం అని. ఆరుగురూ క్లినిక్కి వెళ్లి బరువు చూపించుకుని వచ్చారు. నాకు కుదరలేదు, ఆ రోజు సరుకు ముందే వేడెక్కింది, వదిలేసి పోతే మొత్తం చెత్తలోకే. దానికేముందక్కా ఇక్కడే చూసేద్దాం అని మేనేజరు నన్ను నానబెట్టే సెక్షన్లో గింజలు తూచే కాటా మీద నిలబెట్టాడు. రబ్బరు బూట్లు, తడిసి ముద్దయిన ఏప్రన్, రెండూ కలిసి రెండు కిలోలు, అలాగే ఎక్కాను. కాటా మీద ఎప్పుడూ ఒక చెక్క ఉంటుంది. తడి డ్రమ్ము జారకుండా ఎప్పుడో ఎవరో వేశారు, నేను చేరకముందే ఉంది, నీళ్లు తాగి తాగి ఇనుములా అయింది. దాని బరువు ఆరు కిలోలు. దాన్ని తియ్యరు, కాటాని సున్నాకి దించరు, తూచిన ప్రతిసారీ అక్క ముల్లు చూసి ఆరు తీసేసి చెప్తుంది. నలభై ఆరుంటే నలభై అని కేకేస్తుంది. చెక్క ఆరు అని పైకి కూడా అనదు, ఆ సెక్షన్లో పనిచేసినవాళ్ల నోటికి అది అలవాటు. మేనేజరు ఏనాడు డ్రమ్ము తూచాడని? ముల్లు ఎక్కడుంటే అక్కడ చూసి తొంభై అయిదు అని రాసుకున్నాడు. నేను అటు తిరిగి ఉన్నాను, నా బరువు ఎవరు చదువుతున్నా నేను అటే తిరుగుతాను.

అటు తిరగడం ఎప్పుడు నేర్చుకున్నానో నాకు బాగా గుర్తు. ఏడో తరగతి. హాలు మధ్యలో కాటా పెట్టి వరసగా నిలబెట్టారు, ఒక టీచరు చదవడం, బెంచీ మీద కూర్చుని ఇంకో టీచరు రాయడం. చదివే ఆవిడది గంట కొట్టినట్టుండే గొంతు. ముప్పై రెండు, ముప్పై అయిదు, ముప్పై నాలుగు, నా వంతు వచ్చేసరికి యాభై ఎనిమిది. రాసే ఆవిడ తలెత్తి "ఎంతా?" అంది. ఆ ఎంతాకి ఈవిడ మళ్లీ చెప్పింది, ఇంకొంచెం గట్టిగా. ఆ రోజు నుంచి నా పేరు డ్రమ్ము. చిన్నాన్న పిల్లలకీ తెలిసిపోయింది, పెళ్లిళ్లలో పేరంటాల్లో డ్రమ్మొచ్చింది డ్రమ్మొచ్చింది. తర్వాత నాకు డ్రమ్ములు తూచే చోటే ఉద్యోగం దొరకడం చూడండి. ఆ రోజు ఇంటికొచ్చి పుస్తకాల సంచీ విసిరేసి తిండి ముట్టనన్నాను. అమ్మ కంచం ముందుకి తోసింది. "ముందు తిను, తర్వాత ఏడువు" అంది. అంతే, ఇంకేం అడగలేదు. తిన్నాను. తిన్నాక ఏడుద్దామంటే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపమే నయం అనిపించింది.

అంత కోపం ఉన్నదాన్ని, ఈ మూడు వారాలు ఎలా కరిగిపోయానో. మూడు నెలలు పూర్తయ్యాక క్లినిక్కి వెళ్తే బూట్లు లేవు, ఏప్రన్ లేదు, చెక్క లేదు, ఎనభై ఆరు. నర్సు కాగితం చూసి తొంభై అయిదు నుంచా అని కళ్లు పెద్దవి చేసింది. మిగతా ఆరుగురిలో ఒకామె రెండు తగ్గింది, ఇద్దరు ముగ్గురు అర కిలో అటూ ఇటూ, ఒకాయన పెరిగాడు కూడా. నేను మాత్రం తొమ్మిది! మేనేజరు చప్పట్లు కొట్టించాడు. నాకూ ఆశ్చర్యమే, బట్టలేమీ వదులవలేదు కదా అనుకుంటూనే, లోపల ఎక్కడో తగ్గి ఉంటానులే అనుకున్నాను. ఆ మర్నాడే సెక్షన్లో అక్క డ్రమ్ము తూచి నలభై అని కేకేసింది. నా కళ్లెదుట ముల్లు నలభై ఆరు మీద ఉంది. నన్ను తూచిన రోజు ఆ ఆరు ఎవరూ తియ్యలేదు. అక్క నన్ను చూసింది, ముల్లుని చూసింది, చెక్కని చూసింది. ఆవిడకి చెప్పనక్కర్లేదు. "ఆ రోజు నేను సెలవులో ఉన్నానే" అంది. తర్వాత నా చెవిలో, "నోరు మూసుకుని కూచో. తగ్గావంటే తగ్గాననుకో, నీ సొమ్మేం పోయింది?"

నోరు మూసుకున్నాను. ఒప్పుకుంటున్నాను, హాయిగా మూసుకున్నాను. కనపడినవాళ్లల్లా ఆగి చూసేవాళ్లు. పక్కింటావిడ నన్ను గుండ్రంగా తిప్పి చూసింది. ఇరవై ఏళ్లుగా నా కంచంలోకి తొంగిచూసే మా వదిన, ఆ వదిన, నా భుజం మీద చెయ్యేసి "ఇప్పుడు మనిషిలా ఉన్నావమ్మా" అంది. ఇప్పుడట! అంతకు ముందు దేనిలా ఉన్నానో అడగాల్సింది, అడగలేదు, ముసిముసిగా నవ్వాను, అద్దం ముందు పక్కకి తిరిగి కడుపు లోపలికి పీల్చుకుని చూసుకున్నాను కూడా. ఒంటి మీద ఒక్క గుండీ జరగలేదు, అయినా అందరి కళ్లకీ సన్నబడ్డాను. అంకె చెప్పి చూపిస్తే మనుషులు అంకెనే చూస్తారు. ఒక్క మా ఆయన మాత్రం, "తొమ్మిది తగ్గావా? నాకేం తెలియలేదే" అన్నాడు అన్నం కలుపుకుంటూ. రెండు రోజులు మాట్లాడలేదు ఆయనతో. నన్ను కళ్లారా చూసి ఉన్నమాట చెప్పిన మనిషి ఆయనొక్కడే, ఆయనకే శిక్ష వేశాను. ఇవాళ వెళ్లి ఆ మాట చెప్పాలి. చెప్తే నెల రోజులు ఎగిరెగిరి పడతాడు, పడనీ.

పక్క గదిలో మేనేజరు నవ్వుతున్నాడు. మంచివాడే, నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, అక్కా అనే అంటాడు. ప్యాకెట్ నమూనా నా పక్క కుర్చీలో పెట్టాడు. నా బొమ్మ కోసం ఖాళీ గడి, దాని కింద పెద్ద అక్షరాల్లో తొమ్మిది కిలోలు, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో పెద్దల బరువు అదుపునకు. పెద్దల. పిల్లలకి కాదని రాశామంటారు రేపు ఎవరైనా అడిగితే. చీమ తలకాయంత రాస్తే మా అమ్మాయికి కనపడుతుందా?

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. అచ్చు నా పోలిక, అవే భుజాలు, అవే పిక్కలు, నడిస్తే గచ్చు మీద అదే చప్పుడు. ఆ చప్పుడు వింటే నాకు ఎంత ఇష్టమో దానికి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిందని ఇప్పుడు తెలుస్తోంది. బుధవారం దుప్పటి కోసం దాని బీరువా తీశాను. తలుపు లోపలివైపు పెన్సిలుతో అంకెలు, పక్కన తేదీలు. అరవై ఒకటి. అరవై. యాభై తొమ్మిదిన్నర. యాభై ఎనిమిది. అన్నిటికీ పైన, గీత గీసి, అమ్మ 95, బాణం గుర్తు, 86. చూసి అక్కడే మంచం మీద కూర్చుండిపోయాను. చెత్తబుట్టలో కాగితంలో చుట్టిన అన్నం ఎందుకు కనపడుతోందో, క్యారేజీలో సోయా ముక్క ఒక్కటే ఎందుకు ఖాళీ అవుతోందో అప్పుడు తెలిసింది. నేనేదో ఈ మధ్య పిల్లకి నా చేతి వంట నచ్చుతోందని పొంగిపోతున్నాను. నిన్న స్కూలు నుంచి ఫోను, మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడిందని. పరిగెత్తాను. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, చేతులు చల్లగా, వేడిగదిలో పన్నెండు గంటలు దాటినా లేవని సరుకులా. ఇంటికి తెచ్చి కంచం పెడితే మొహం తిప్పేసింది. ఇది పెద్దవాళ్ల సంగతే, నీకెందుకమ్మా అన్నాను. నా వంక చూసింది. "నువ్వు చేస్తే చప్పట్లు, నేను చేస్తే తిట్లా? నీకున్న పట్టుదల నాకుండకూడదా?" అంది.

అప్పుడు చెప్పాలి. పట్టుదలా లేదు, పాడూ లేదు, అది చెక్క బరువే తల్లీ అని అప్పుడు చెప్పేస్తే అయిపోయేది. నోటిదాకా వచ్చింది, ఆగింది. ఎందుకు ఆగిందో తెలుసా, దాని కళ్లలో నేను మొదటిసారి గొప్పదాన్నయ్యాను. అది పోగొట్టుకోలేకపోయాను. కూతురు చల్లటి చేతులతో ఎదురుగా కూర్చుంటే నాకు నా గొప్ప కావలసి వచ్చింది. థూ నా బతుకు. 

ఇప్పుడా మాట కెమెరా ముందు చెప్తే? ప్రతి షాపులో, ప్రతి అరలో, నా పళ్లికిలింపు, ఆ ప్యాంటు, ఆ తొమ్మిది. ఎన్ని బీరువా తలుపులు, ఎంతమంది ఆడపిల్లలు, ఎన్ని పెన్సిళ్లు. పెద్దవాళ్లే తక్కువా, మా సెక్షన్లోనే ఒకామె, నాకు రెండే తగ్గింది నేను సరిగ్గా చెయ్యలేదేమో అని తన మీద తానే అలిగింది. రెండు తగ్గిన మనిషి నిజంగా తగ్గింది, నాకన్నా రెట్టింపు తగ్గింది, ఆమెకి చప్పట్లు లేవు! వినేసరికి నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. లేదు. నావల్ల కాదు. ఉద్యోగంలోంచి తీసేస్తారా, తియ్యనీ, చెయ్యి ఆనించి ఇంకో గంట ఆగండి అని చెప్పగలిగేవాళ్లు ఇంకెవరున్నారో వెతుక్కోనీ. ఎనభై ఆరు కిలోల మనిషిని నేను, ఆ ఎనభై ఆరుతోనే రోజుకి ఇరవై డ్రమ్ములు ఎత్తుతున్నాను, ఇద్దరిని కన్నాను, మెట్లు ఎక్కుతున్నాను దిగుతున్నాను. ఇందులో నేను ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలి?

మెట్ల మీద చెప్పుల చప్పుడు. వచ్చేశాడు. బల్బు బిగించాడు, గొడుగు వెనక తెల్లగా వెలిగింది, కళ్లు జిగేలుమన్నాయి. మేనేజరు ఫోను జేబులో పెట్టుకుని చేతులు రుద్దుకుంటూ వచ్చాడు.

"ఊఁ, అక్కా, ప్యాంటులోకి దిగండి. మంచి నవ్వు రావాలి!"

స్టూలు దిగాను. ప్యాంటుని నాలుగు మడతలు పెట్టి స్టూలు మీద ఉంచాను. నా సంచీలో సరుకు మీద తేదీ వేసే నల్ల మార్కరు ఎప్పుడూ ఉంటుంది, తీశాను. అట్ట మోకాలి మీద ఆనించుకుని తొంభై అయిదు మీద అడ్డంగా ఒక గీత కొట్టాను.

"అదేంటక్కా, ఏం చేస్తున్నారు?"

అక్క కేకేసినట్టే కేకేశాను, హాలంతా వినపడేలా, ఆ టీచరు గొంతుకంటే గట్టిగానే వచ్చింది. "తొంభై అయిదు! చెక్క ఆరు! బూట్లూ ఏప్రనూ రెండు! ఎనభై ఏడు!" ఎనభై ఏడు అని రాసి కింద రెండు గీతలు పెట్టాను.

"ఏ చెక్క?" అన్నాడు. చెప్పాను. కాటా మీద ఏముందో, ఎప్పటి నుంచి ఉందో, అక్క ఎలా తూస్తుందో అంతా. అతని మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. ఫొటోగ్రాఫరు కెమెరా పక్కన పెట్టి శ్రద్ధగా వింటున్నాడు.

"మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మూడు వారాలు."

"మూడు వారాలా! మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"బాగుంది బాబూ. అందరూ మెచ్చుకుంటుంటే బాగుంది. అందుకే చెప్పలేదు. నిన్న మా పిల్ల స్కూల్లో కళ్లు తిరిగి పడింది, నన్ను చూసి తిండి మానేసింది. ఇప్పుడు బాగాలేదు."

అతను ప్యాంటు పక్కకి తోసి స్టూలు మీద కూర్చున్నాడు.  "సోమవారం సరుకు వెళ్లాలక్కా. ఒక్క కిలో అంటే ఎవరు కొంటారు?"

"ఆకలేసినవాళ్లు కొంటారు. తిండి అని రాసి అమ్ము. రుచిగా ఉంటుంది, కడుపులో నిలబడుతుంది, ఆ మాట చెప్పమంటే పొద్దుగూకేదాకా చెప్తాను, నవ్వుతూ చెప్తాను. ఈ అంకె మాత్రం నా నోట రాదు, నువ్వు నన్ను పంపించేసినా రాదు." తర్వాత ఫొటోగ్రాఫరు వైపు తిరిగి అట్టని ఛాతీకి ఆనించి పట్టుకున్నాను. "తియ్యి బాబూ. బల్బు వృథా పోనివ్వడం ఎందుకు."

అతను మేనేజరు వంక చూశాడు. మేనేజరు ప్యాంటుని ఒళ్లోకి లాక్కుని ఇంకో మడత పెట్టాడు. లైటు వెలిగింది. ఈసారి అటు తిరగలేదు. కడుపు కూడా లోపలికి పీల్చుకోలేదు.

పన్నెండు కావస్తోంది, సరుకు విడదీయాలి. అట్ట చంకలో పెట్టుకుని చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి మేనేజరు నీరసంగా, "అది ఆఫీసుదక్కా" అన్నాడు. ఫొటో మీరుంచుకోండి, అట్ట నాది అన్నాను, అప్పుడే రెండు మెట్లు దిగిపోయాను. నాలుగింటికి మా అమ్మాయి వస్తుంది. దాని బీరువా తలుపు లోపల, ఆ పెన్సిలు అంకెల మీద, నాలుగు మేకులు కొట్టి ఈ అట్ట బిగిస్తాను. దానికో కంచం, నాకో కంచం పెట్టి, ముందు తినవే, తిన్నాక నన్ను ఎంత తిట్టాలో అంతా తిట్టు అంటాను.